అరవై ఒకటో డిస్కు

బెర్గెన్‌లో వాన. మూడో వారం.
నేలమాళిగలోకి వాన రాదు,
తొంభయ్యారు డిస్కుల హోరే ఉంటుంది.
ఓడ్‌లౌగ్ చెవుల మీదుగా ఎర్ర మఫ్లర్ చుట్టుకుని
మొదటి పరీక్ష మొదలెట్టింది.

సున్నాలు రాయమన్నాం.
కాఫీ పోసుకునేలోపు రాసేసింది.
అంకె చూసి టోర్‌గైర్ ఈల వేశాడు,
అమ్మినవాడి కాగితం మీద కూడా అంత లేదు మరి.
ఓడ్‌లౌగ్ నవ్వలేదు.
"ఇది డిస్కు దాకా పోనేలేదు,
మెమరీ గుమ్మంలోనే ముట్టిందని సంతకం పెట్టేసింది.
పైగా సున్నాలు!
ఖాళీ బస్తాలు మోసినవాణ్ణి
బలశాలి అంటామా?"

ఈసారి మెమరీకి రెట్టింపు సరుకు ఎత్తాం.
హెర్రింగ్ గుంపుల మీదికి
ఓడలు వదిలిన చప్పుడు, తిరిగొచ్చిన ప్రతిధ్వని,
ముప్పయ్యొక్క శీతాకాలాలవి.
అంకె మూడోవంతుకు పడింది.
ఈల లేదు.

ఒకే పెద్ద ఫైలైతే ఫర్వాలేదు, ఓడలా సాగుతుంది.
చిల్లర ఫైళ్ళు కోటీ ఇరవై లక్షలు,
ఒక్కోదాన్నీ పేరడిగి, తలుపు తీసి, మళ్ళీ మూసి...
విందు అరగంట,
గుమ్మంలో ఎవరి బూట్లు వాళ్ళు వెతుక్కోవడం గంట.

రాత్రి రెండింటికి గ్రాఫులో ఒక గుంట.
మర్నాడూ అక్కడే.
ఒక్కొక్క డిస్కునే విడిగా అడుగుతూ పోయాం.
అరవై ఒకటి.
చెడిపోలేదు. అబద్ధమూ చెప్పదు.
రెండోసారి అడిగితేగాని నోరు విప్పదు, అంతే.
దాని ముక్క వచ్చేదాకా
మిగతావన్నీ చేతులు కట్టుకుని నిలబడ్డాయి.
బయటికి లాగితే
అరచేతిలో, అప్పుడే పెట్టిన గుడ్డంత వెచ్చన.

కొత్తది పెట్టాం. పాత లెక్కలన్నీ
దానికి తిరిగి పోయడానికి ఇరవై ఏడు గంటలు.
ఆ ఇరవై ఏడు గంటలూ ఏ కొలతా కొలత కాదు.
టోర్‌గైర్ ఇంటికెళ్ళి నిద్రపోయాడు.

శుక్రవారం సిగ్‌బ్రిట్ దిగి వచ్చింది, గొడుగులోంచి నీళ్ళు కారుస్తూ.
సెకనుకి ఎన్ని గిగాబైట్లని అడగలేదు.
"తొంభై ఆరు జనవరి, లోఫోటెన్ దగ్గర.
ఎప్పుడు తెరుచుకుంటుంది?"
మేమెవరం ఆ ప్రశ్న పరీక్షలో పెట్టలేదు.
తెరిచాం. ఆమె గోడకు ఆనుకుంది.
ఓడ్‌లౌగ్ వాచీ చూసింది.

తెర మీద నల్లటి మరకలా ఒక చేపల గుంపు,
దాదాపు ముప్పయ్యేళ్ళనాటి ఈతలో.
"హమ్మయ్య, ఉంది" అంది సిగ్‌బ్రిట్,
వేగం గురించి కాదు.

పంతొమ్మిది సెకన్లు.
నివేదికలో దానికి గడి లేదు.
అంచున పెన్సిల్‌తో రాశాను.