పెద్ద ఎస్

క్లాక్స్‌విక్‌లో రాత్రి రెండు.
రేవు దీపాలు నీళ్లలో సాగి సాగి తెగుతున్నాయి.
చేపల ఫ్యాక్టరీలో ఆరింటికి డ్యూటీ ఉన్న రన్వా
వేళ్లకింకా వదలని కాడ్ చేప వాసనతో
నూట పన్నెండు మోడ్లను
ఒక్కొక్కటే వరసలో పెడుతోంది.

పాత కంప్యూటర్ చచ్చిపోయింది. కొత్తది లినక్స్.
ఆట ఒక భాషలో అడుగుతుంది,
యంత్రానికి వచ్చిన భాష వేరు,
నడుమ ఒక దుబాసీ కూచుని
అడిగిందీ చెప్పిందీ చేరవేస్తుంటాడు.
పనిమంతుడే.
కోటలు దాటించాడు, మంచుకొండలు దాటించాడు,
గుర్రాన్ని దాని మూతి వెంట్రుకలతో సహా దాటించాడు.
వాన ఒక్కటి దాటలేదు.

ఆటలో మబ్బు పడుతుంది, రాళ్లు తడుస్తాయి,
చినుకులు కనిపిస్తాయి.
చప్పుడుండదు.
మూగ వాన.

ఆ చప్పుడు ఎయ్‌డున్ చేసిన మోడ్.
తొమ్మిదేళ్ల కిందట, తన పడవ కొట్టంలో
రేకు కింద మైకు పెట్టి పట్టిన వాన.
నలభయ్యో సెకనులో అతను దగ్గుతాడు.
తీసెయ్యమంటే
"వానలో మనిషుండొద్దా?" అన్నాడు.
ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు.
గొర్రెల కంచె దగ్గర మొదలై
ఎక్కడెక్కడికో పోయిన తగువు.
రెండు వీధుల అవతలే ఉంటాడు.

సగం మోడ్లు తీసి చూసింది. మూగ.
అవి పెట్టి, మిగతా సగం తీసింది. మూగ.
బియ్యంలో రాయి కోసం చేటంతా కదిపినట్టు
సగంలో సగం, అందులో సగం.
కాఫీ చల్లారింది. మళ్లీ పెట్టింది. అదీ చల్లారింది.

నాలుగు దాటాక కనబడింది.
ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు,
ఒకటి పెద్ద ఎస్‌తో, ఒకటి చిన్న ఎస్‌తో.
పాత యంత్రం రెండూ ఒకటేలే అని సర్దుకుపోయేది.
ఇది సర్దుకుపోదు.
దీనికి అక్షరం అంటే అక్షరమే.
మన అ ఎక్కడ నిలబడ్డా అ గనక
ఈ పేచీ మనకు తెలీదు.
మన పేచీలు వేరే.

పెద్ద ఎస్‌ని చిన్నది చేసి
రెంటినీ కలిపింది.

పడింది.
రేకు మీద ముందు విడివిడిగా, ఆ తర్వాత ఒకటే గోల.
ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది.
దగ్గు.

హెడ్‌ఫోన్ తీసింది.
బయటా వానే.
ఏది ఎక్కడిదో కాసేపు తెలియలేదు.

ఫోల్డర్ అడుగున ఇంకో ఫైలుంది.
'ముందు ఇది చదవండి.'
ఎవరు చదువుతారు?
తొమ్మిదేళ్లుగా తనూ చదవలేదు.
నాలుగే లైన్లు. నాలుగోది:
"వాన పడకపోతే నాకు ఫోన్ చెయ్యండి."
కింద నంబరు.
కంఠతా వచ్చిన నంబరే.

ఐదున్నరకు బూట్లు వేసుకుంది.
ఫ్యాక్టరీకి దగ్గర దారి అటు కాదు.
అయినా అటే నడిచింది.
అతని కిటికీలో దీపం ఉంది.
ఆగలేదు.
అక్కడికొచ్చాక మాత్రం,
గొంతులో ఏమీ లేకపోయినా,
ఒకసారి గట్టిగా దగ్గింది.