మెటికల కాడ

కొలత మణికట్టుది కాదు.
మెటికల కాడ దాటితే చాలు,
గాజు తన దోవన తను జారి కూచుంటుంది.
మా అమ్మ నాకు చెప్పిన చదువంతా ఇంతే:
బొటనవేలు అరచేతిలోకి మడిచి
నాలుగు మెటికల్నీ అటూ ఇటూ పట్టి నొక్కి
ఎముకలు ఒకదాని మీదొకటి ఒరిగిన క్షణాన
తోసెయ్యి.

కనిగిరి సంతలో, పామూరు వీధుల్లో
ఇరవై రెండేళ్లుగా ఎన్ని చేతులు నొక్కానో.
"అబ్బా, మీరాంబీ, మెల్లగా" అన్నోళ్లతో
"అయిపోయిందమ్మే, ఇంకొంచెం" అన్నదాన్ని.

పోయినేడు మామిడికాయల కాలంలో
నా మెటికలే నా మీద తిరగబడినై.

పొద్దున లేస్తే పిడికిలి పడదు.
పాలబండి వచ్చిపోతుంది, వేళ్లు రావు.
ఇస్కూలు బస్సు హారను కొట్టి మలుపు తిరిగినాక
చూపుడువేలు కదులుద్ది, ఆనక దాని పక్కది,
అలిగిన చుట్టాల్లా
ఒక్కొక్కటే.

"నీళ్లమ్మే, ఇవి నీళ్లు" అంది అంకమ్మత్త.
మా ఊళ్లో అన్నిటికీ నీళ్లే.
పళ్లు గారపడితే నీళ్లు, నడుం వంగితే నీళ్లు,
పోలయ్య మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగితే నీళ్లు.
అబద్ధమేం కాదు. బోరునీళ్లు తాగి ఎముకలు కర్రలైనోళ్లు
వీధికి నలుగురున్నారు.
ఇంతమంది నొప్పుల్లో నా నొప్పికి
వేరే పేరుందని ఎవరనుకుంటారు?
నేనూ అనుకోలా.
క్యాను నీళ్లు కొన్నా.
ఆ క్యాను వంచలేక గిన్నెతో తోడుకున్నా.

ఆర్ఎంపీ సూదేస్తే పది రోజులు చేతులు నావి.
పదకొండో రోజు మళ్లీ నొప్పివి.
వావిలాకు కాపడం పెడితే ఇల్లంతా వాసన,
వాపు వాపే.
ఒంగోల్లో రక్తం తీసి కాయితం ఇచ్చారు: నెగిటివ్.
మంచిదేగా, అన్నాడు మా ఆయన.
ఏం లేదమ్మా, వయసు, అన్నాడు డాక్టరు.
నలభై ఒకటి.
ఆ రాత్రి ఆ 'ఏం లేదు'
మోచేతుల దాకా పాకింది.

సబ్బు రాసినా, నూనె రాసినా రాకపోతే
నా గాజులు నేనే పటకారుతో చిట్లించుకున్నా.
బోసి చేతుల్తో గాజులమ్మేదేందని
సంతలో ఇద్దరు బేరం మానుకుని పోయారు.

నెల్లూర్లో కీళ్ల చదువే చదివిన డాక్టరమ్మ ఉందంటే
పొదుపు సంఘంలో అప్పు తీసి బస్సెక్కా.
కమ్మీ పట్టుకోలేక
మోచెయ్యి తగిలించి కావలి దాకా నిలబడ్డా.
చీటీ మీద మీరాబాయి అని రాశారు.
దిద్దమనలా.

ఆమె కాయితాలు పక్కన పెట్టింది.
"పొద్దున చేతులు దారికి రావడానికి
ఎంతసేపు పడుతుంది?"
ఇన్నాళ్లలో ఎవరూ అడగని మాట.
గడియారంలో తెలీదమ్మా,
పాలబండి నుంచి ఇస్కూలు బస్సు దాకా, అన్నా.
నవ్వలా. రాసుకుంది.
తర్వాత నా చెయ్యి తీసుకుని
నాలుగు మెటికల్నీ అటూ ఇటూ పట్టి
నొక్కింది.

అది నా పట్టు.
మా అమ్మ పట్టు.
"అబ్బా, మెల్లగా"
అన్నాక గాని తెలవలా, ఆ మాట ఎవరిదో.

వెలిగండ్ల కోడలు పిల్ల, పేరు కూడా అడగలా ఎప్పుడూ,
రెండు-ఆరు చెయ్యి
ఒక్క ఏడాదిలో రెండు-పది అయింది.
నొక్కితే కళ్లనీళ్లు పెట్టుకుంది.
ఒళ్లు చేశావే, అని నవ్వా.
పెద్ద సైజు ఇచ్చి పది రూపాయలు ఎక్కువ తీసుకున్నా.

"నెగిటివ్ వచ్చినా జబ్బు ఉండొచ్చు" అంటోంది డాక్టరమ్మ,
ఇంకో పరీక్ష రాస్తూ.
తిరుగు బస్సులో ఆ మాటే నమిలా,
మొదటి ముద్ద మాదిరి.

రిపోర్టు వచ్చే వారం.
సంత ఎల్లుండే.
ఆ పిల్ల వస్తే, వస్తే,
గాజులు తర్వాత.
పొద్దున ఎంతసేపు పడుతుందే
నీకు?