కలుగు

కుప్పం రైలుకట్ట దాటినాక, చేనుగట్టున
మా అబ్బ పోలిగాడు కలుగు తవ్వతా ఉంటే
గడ్డపార మొనకు తగిలిందంట
తెల్లరాయి, దాంట్లో పసుపు చార.
ఎలక తప్పించుకునింది.
రాయి తీసకపోయి దొరకు చూపించినాడు.
దొర ఇచ్చింది ఒక కంబళి, నాలుగు శేర్ల రాగులు,
"ఇంక ఈ పక్క రావద్దు" అనే మాట.

కంబళి మా జేజి కాన్పులో చినిగింది.
మాట ఇంకా చినగలా.

కలుగు తవ్వేదానికి మాకొక లెక్కుంది.
పొగ పెడతాం, ఎలకను పడతాం,
అది దాచుకున్న చెనిక్కాయల్లో గుప్పెడు దానికే వదిలి
మన్ను కప్పి, అరికాలితో తొక్కి వస్తాం.
కూనలుంటే ఆ జోలికే పోం.

వాళ్లు తవ్విందానికి అడుగు లేదు.
పైకి తెచ్చి పోసిన బూడిదమన్ను గుట్టయింది,
గాలి మళ్లితే సంగట్లో కరకర.
వంకనీళ్లు తాగి మునెక్క మేకలు ఏడు
ఒకే పూట కాళ్లు చాపినాయి.
మా ఏనాదోళ్ల ఆడబిడ్డల ముక్కున
ఇప్పటికీ చీపురుపుల్లే.

గని మూసినారు. మొన్న మళ్లా జీపులొచ్చినాయి.
సర్వే పిల్ల మంచిది, మా ముంతలో నీళ్లు తాగింది.
ఉత్తరాన మంచుదేశంలోనూ ఇంతేనంట,
చేపలు పట్టి బతికే మనుషులంట,
ఏటి ఇసక జల్లించను వేలమంది ఎగబడితే
చేపలు దోవ మరిచిపోయినాయంట.

నేను అడిగిందొకటే:
"పోయేటప్పుడు కలుగు పూడ్చినారా మ్మా, ఆడ?"

ఆ పిల్ల ముంత కింద పెట్టింది.
మా గుడిసె వెనకాల ఎవరో
ఎర్రగుడ్డ కట్టిన మేకు దిగ్గొడతా ఉన్నారు.