అభిప్రాయం గడి

మినిట్స్ బుక్కుల ఒక్కొక్కరికి
బొటనవేలంత గడి.
దాంట్లనే పేరు, దాంట్లనే మాట, దాంట్లనే ముద్ర.
తొమ్మిదేండ్ల సంది నేనే రాస్తున్న.
తెలుగు టీచర్‌ను గద, చేతిరాత మంచిగుంటదని
హెడ్‌మాస్టర్ సారు పెన్ను నా దిక్కే జరుపుతడు.

మూడో శనివారం.
గట్టు మండలమంత సీడుపత్తికి క్రాసింగు నడుస్తున్న నెల.
ముప్పైనాలుగు ఇండ్లకు కబురు పెడితే
పదకొండు మంది వచ్చిన్రు,
వేళ్ల సందుల పుప్పొడి కడుక్కోకుండనే.

తిమ్మప్ప కూసోమన్నా కూసోలే.
"లెక్కల సారు డిప్యుటేషన్ మీద పోయి ఎనిమిది నెలలాయె.
మా పోరడు ఎక్కాలు
పత్తి తూకం కాడ నేర్సుకుంటున్నడు,
సేటు తప్పు జెప్తే వీడు పట్టుకుంటున్నడు" అని నవ్విండు.
నవ్వు గడిల పట్టదు.
'గణితంపై ఆసక్తి కలదు' అని రాసిన.

ఖాజాబీ కొంగు సదురుకున్నది:
"బుధవారం గుడ్డు పెడ్తరు గద,
మా వానికి బుధవారమొక్కటే చదువు మీద పానం."
'భోజనం బాగున్నది.'

వెనక బెంచీల నుంచి పరశురాముడు, మెల్లగ:
"పెద్దోన్ని గద్వాలల కాన్వెంటుకేసిన.
బిడ్డనీడేసిన.
వాడు టై కట్టుకొనొస్తడు.
వాని హోంవర్కు ఇది చేస్తది.
టీచర్... ఇది రాయకుండ్రి."
రాయలే. ఆయన గడిల 'హాజరు' అని పెట్టిన.

నాకు నాలుగున్నరకు బస్సు.

ఆఖర్న జమ్ములమ్మ.
"తప్పు మాదే. చిన్న వేళ్లయితే మొగ్గ చెడదని
కోడికూతకే లేపి చేనుకు తోలకపోయిన.
మూడు వారాలు రాలే నా బిడ్డ బడికి.
గని టీచర్,
మేకపిల్ల ఒక్క పూట కనవడకుంటే
ఊరంత తిరుగుతం మేము.
మూడు వారాలకు మీరొక్కలన్న
మా గడప కాడికొచ్చి అడిగిన్రా?
రాకున్నా ఎవలికి తెల్వని బడి
ఉన్నట్టా, లేనట్టా?"

ఎవ్వరు మాట్లాడలే.
సారు గడియారం దిక్కు సూసిండు.
నేను గుండ్రంగ, ముద్దుగ రాసిన:
'పాఠశాల పనితీరు సంతృప్తికరం.'
ఇంకు పెట్టె ముందుకు జరిపిన.

ఆమె బొటనవేలు నీలమైంది.
కాయితం మీదికి వంగింది.
పక్కన ఎనిమిదో తరగతి శివలీల,
నేను నేర్పినట్టే
అచ్చరాల కింద వేలు పెట్టి,
పెదవులు కదుపుకుంట:
సం... తృ... ప్తి...
"అమ్మా, ఆగు.
నువ్వు గిట్ల అనలే."

ఆరో తరగతిల ఈ పిల్లనే
వట్రుసుడి రాదని గోడకు నిలవెట్టిన.
ఇయ్యాల వట్రుసుడి కాడ ఆగలే.
నా కాడ ఆగింది.

వేలు గాలిల్నే ఉన్నది.
ఒక నీలం చుక్క
సర్కారు పుస్తకం మీద పడి పాకింది.

కొట్టేసిన.
ఆమె అన్నది అన్నట్టు మొదలువెట్టిన.
గడి సాలలే.
మార్జిన్లకు పోయిన,
కిందికి దిగిన,
రాని ఇరవైమూడు మంది ఖాళీ గడులల్లకు
మేకపిల్ల ఉరికింది, చేను ఉరికింది.
"మేడం, పైన ఆఫీసోల్లు సూస్తరు" అన్నడు సారు.
సూడనీయుండ్రి అననైతే అనలే నేను,
అంత ధైర్యం లేదు.
రాసుడు మాత్రం ఆపలే.

శివలీల మొత్తం సదివి
"మేకపిల్లకు దీర్ఘం ఎక్కువైంది టీచర్" అని
తల్లి వేలు వట్టి తనే ఒత్తింది.

బస్సు పోయింది.
సోమవారం వస్తవా అని అడిగిన.
"ఇంక పది దినాల క్రాసింగున్నది."
మీ ఇల్లు ఏ గేరి? అని అడిగిన,
తొమ్మిదేండ్లల మొదటిసారి
ఒక పిల్లను.

"మాబుసాబు గిర్ని ఎనక, రేకుల తలుపు.
కుక్కున్నది.
కొత్తోల్లనయితే మొరుగుతది, టీచర్."