ఉండావా?

బుడ్డల చేలకు పందులు దిగే కాలంలో
కంబదూరు గుట్ట కింద రాత్రంతా
మంచె మీంచి మంచె మీదికి ఒకటే మాట:
"ఉండావా?"
"ఉండా."
పందుల్ని బెదిరించేది డబ్బా మోత.
ఈ మాట మనుషుల కోసం.
పిలుపు రాని మంచె మీద
ముందు మనిషి కునుకుతాడు,
తెల్లారేసరికి చేను ఉండదు.

మా నాయన హనుమంతరాయుడి గొంతు
వంక దాటి ఎర్రిస్వామి చేని దాకా పోయేది.
నలభై రెండో ఏట ఆయన వేళ్ళు
పని లేకుండానే కదలబట్టినాయి,
కనపడని కాయలు ఒలుస్తా ఉన్నట్టు.
తర్వాత భుజం. తర్వాత నడక.
సారాయి ముట్టని మనిషిని
తాగుబోతని కండక్టరు బస్సు దింపేసినాడు.
జేజికీ ఇట్లనే ఉండేదంట.
అప్పుడు దాని పేరు గాలి.

కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ షమీమ్
కేసు షీటు వెనక గీసి చూపించింది.
మెదడు లోపల, బాగా లోపల,
కదలికలకు పగ్గం వేసే కణాలున్నాయి.
వాటి బతుకు వాటి చేతిలో లేదు.
పైపొర కణాలు ఒక ప్రోటీన్ పంపాల,
పొడుగాటి నరం దారెంట, మూటలు మూటలుగా.
అది వచ్చి గడప తాకితే
లోపల ఒక సంకేతం ఇంకోదాన్ని తట్టి లేపుతుంది,
అది మరొకదాన్ని,
కడాకు నడిమింట్లోకి కబురు చేరుతుంది:
చావొద్దు, ఇంకా పనుంది.

మా ఇంటి జన్యువులో
మూడక్షరాల మాట ఒకటి
ఇరవైకి అటూ ఇటూ రావాల్సింది
నలభై నాలుగు సార్లు వచ్చింది.
ఆ నత్తికి
మూటలు దారిలోనే దిగబడతాయి.

"అంటే పిలుపు అందకనే..."
"అదొక్కటే కాదమ్మా. అదీ ఒకటి."
"మందు?"
"ఆ పిలుపును బయటినుంచి అందించాలని చూస్తా ఉండారు.
ఎలుకల్లో కొంచెం..."
ఆమె పెన్నుకు మూత పెట్టింది.

నా రక్తం నేను ఇంకా ఇవ్వలేదు.
రెండు గింజల బుడ్డ,
ఒకటి పుచ్చు.
నాకు ఏది పెట్టినారో
ఒలవకుండా జేబులో వేసుకొని తిరుగుతా ఉండా.
ఇరవయ్యారేళ్ళు.

ఈ రాత్రి నాయన్ను చేనికి తోలుకొచ్చినా.
మంచె ఎక్కలేడు, కింద నులక మంచం.
దుప్పటి కింద కాళ్ళు వాటి పాటికి అవి నడుస్తానే ఉండాయి.
ఇక్కడ సెల్లుకు సిగ్నల్ లేదు.

వంక అవతల నుంచి ఎర్రిస్వామి:
"హనుమంతూ, ఉండావా?"

నాయన నోరు తెరిచినాడు.
మాట గొంతులో మూటలా ఇరుక్కుంది.
నేను బదులు చెప్పొచ్చు.
చెప్పలేదు.
కుక్క ఒకసారి మొరిగి ఊరుకుంది.
ఎర్రిస్వామి పక్క చేనికి పిలుపు పంపలేదు,
మళ్ళీ పిలవనూ లేదు,
ఎదురు చూస్తా ఉండాడు.

"ఉ..."

వంక అవతల టార్చిలైటు
ఇంకా ఆరలేదు.