స్పానిష్ పాఠం, ఆరో నంబరు గది

మతాన్సాస్‌లో వైద్య కళాశాల వెనక
పెచ్చులూడిన పసుపుపచ్చ భవనంలో
పంతొమ్మిదేళ్ళుగా నేను రోగిని.

ప్రతి సెప్టెంబరులో కొత్త పిల్లలొస్తారు,
ఏ దేశపు అబ్బాయో, ఏ దీవి అమ్మాయో.
తెల్లకోటు ఇంకా ఏడాది దూరం.
ముందు మా భాష రావాలి, ఆ తర్వాతే ఎముకల పేర్లు.
నేను బల్ల మీద వెల్లకిలా పడుకుంటాను.
ఒకరోజు అపెండిక్సు, ఒకరోజు మూత్రపిండంలో రాయి,
వాన పడితే మోకాళ్ళు, అది నటించక్కర్లేదు.
వాళ్ళు వరసగా వచ్చి అడగాలి:
దోందే లే దువేలే?
ఎక్కడ నొప్పి మీకు?

నేనూ ఒకప్పుడు వైద్యానికే అర్జీ పెట్టాను.
జీవశాస్త్రంలో రెండు మార్కులు తక్కువ.
విరిగిన క్రియాపదాలకు కట్లు కడుతూ
ఇక్కడే ఉండిపోయాను.
దీని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

తెకారా కిరిబాతీ నుంచి వచ్చింది.
పటంలో పసిఫిక్ అంతా తడిమినా నాకు దొరకలేదు,
తనే లేచొచ్చి గోటితో చుక్క చూపించింది.
"మా రోడ్డు మీద నిలబడితే
కుడిచేతికి సముద్రం, ఎడమచేతికి సముద్రం, ప్రొఫే.
కొండ ఎక్కడమంటే ఇక్కడికొచ్చాకే తెలిసింది."
వైద్యమే ఎందుకని వ్యాసం రాయమంటే
క్లాసు క్లాసంతా ప్రజాసేవ అని రాసింది.
ఆ పిల్లవి మాత్రం మూడే వాక్యాలు:
నావికుల బడి దరఖాస్తులు అయిపోయాయి.
ఈ దరఖాస్తు మిగిలింది.
మా దీవిలో నర్సు ఒక్కతే, ఆమెకు పన్ను నొప్పి.

నవ్వాను. మార్కులు మాత్రం పూర్తిగా వేశాను.

అదే విమానంలో దిగిన ఇయోటేబా
జనవరి నుంచి క్లాసుకు రాలేదు.
మెట్ల మీద దొరికాడు, బూటు తాడు విప్పుతూ, కడుతూ.
"రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి నాకు.
పదకొండేళ్ళప్పుడే తెలుసు.
కానీ నన్ను సాగనంపడానికి
ఊరు ఊరంతా రన్‌వే దాకా పాడుతూ వచ్చింది.
అంత పాట విన్నాక కాదని ఎలా అంటాను?"
వెళ్ళిపోయే కాగితం మీద నేనే సంతకం పెట్టాను.
ఎందుకో ఆరోజు నా సంతకం కుదురుగా వచ్చింది.
ఇప్పుడేదో సరుకు ఓడలో వంటవాడట.
మరి చేపలెలా కోస్తాడని తెకారాని అడిగాను.
"చేప రక్తం వేరు ప్రొఫే," అంది.

మార్చిలో మౌఖిక పరీక్ష. కరెంటు లేదు.
కిటికీలోంచి ఓడరేవు ఎండ.
కాగితం ప్రకారం ఆరోజు నాది పిత్తాశయం.
తెకారా వచ్చింది, చేతులు కడుక్కున్నట్టు నటించింది,
నా మణికట్టు పట్టుకుని అడిగింది:
దోందే లే దువేర్మే?

నాలుక కొంచెం జారింది, అంతే.
ఆ వాక్యంలో నొప్పి ముసుగుతన్ని పడుకుంది.
ఎక్కడ నిద్రపోతుంది మీకు?

తప్పు. దిద్దాలి. ఎర్రపెన్ను జేబులోనే ఉంది.
పక్కటెముకల కింద అని చెప్పాల్సిన నోరు
"ఈ భుజంలో," అంది.
"మూడంతస్తులు నీళ్ళ బకెట్లు మోసిన భుజం.
పగలంతా పడుకుంటుంది.
రాత్రి రెండింటికి కుళాయిలో చప్పుడవగానే
నాకన్నా ముందు లేస్తుంది."
తెకారా బొటనవేలితో వెతికింది.
సరిగ్గా దాని తలుపు తట్టింది.
ఎప్పటి నుంచి, అని అడిగింది,
ఈసారి వ్యాకరణంలో వంక లేదు.
నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
బయట వరసలో ఉన్న పిల్లలు గొణుగుతున్నారు.

ఆమెకు వేసిన మార్కులు ఎవరికీ చెప్పను.

జూలైలో పెద్ద భవనానికి మారింది.
ఓసారి రోడ్డవతల కనిపించింది,
సంచిలోంచి తొడ ఎముక తొంగిచూస్తోంది.
"మౌరీ!" అని కేకేసింది.
వాళ్ళ పలకరింపు అది, ఆరోగ్యానికీ అదే మాటట.
బస్సు అడ్డొచ్చింది, నా జవాబు అటు చేరిందో లేదో.

మళ్ళీ సెప్టెంబరు. నమీబియా నుంచి నలుగురు,
తూర్పు తిమోర్ నుంచి అక్కాచెల్లెళ్ళిద్దరు.
బల్లెక్కి పడుకున్నాను.
చురుకైన పిల్లలు.
ఒక్కరూ తప్పు అడగడం లేదు.