కోట్ల గది

ముప్ఫైనాలుగు చలికాలాలుగా స్కైద్రీతె
రీగా సంగీత నాటకశాలలో కోట్లు అందుకుంటోంది.
మంచు రాలే ఉన్నికోటు,
తడిసిన కుక్క వాసనేసే తోలుకోటు,
జేబులో సగం కొరికిన బిస్కెట్టున్న పిల్లకోటు,
కొక్కేనికి తగిలించి ఇత్తడి బిళ్ళ చేతిలో పెడుతుంది.
"జీతం వందల్లో, మోసింది కోట్లు" అంటుంది
తన మాటకి తనే ముందు నవ్వి.

కుర్చీ లేకపోలేదు.
కూర్చుంటే బల్లమీద ముక్కు మాత్రం కనిపిస్తుంది.

ఒకసారి మేజోడు దించి చూపించింది.
పిక్కంతా నీలం, ముడులు ముడులు,
పిల్లి ఆడి వదిలేసిన ఊలుండ.
నది అనబోయాను.
"నదీ కాదు, నా తలకాయా కాదు.
నది కిందికి పోతుంది. దీని పని పైకెక్కడం."

నరంలో చిన్న చిన్న తలుపులుంటాయట,
ఎక్కేవాళ్ళని పోనిచ్చి వెనకే మూసుకోవాలట.
కొన్ని మూసుకోవడం మానేశాయని డాక్టరమ్మ చెబితే
"తెలిసింది, బిళ్ళ లేకుండా వెనక్కి దిగొస్తున్నారు"
అందట ఈవిడ.
"నిలబడొద్దనను, శిలలా నిలబడకు.
పిక్క కూడా ఒక గుండే, దానికి పని చెప్పు"
అందట ఆవిడ.

అప్పట్నుంచీ పొద్దున్నే, పక్క దిగకముందే,
అంట్లు తోమే రబ్బరు తొడుగులు వేసుకుని
బిగువు మేజోళ్ళతో కుస్తీ. తిట్లతో సహా.
రాత్రి పరుపు కింద, కాళ్ళవైపు,
రెండు పాత టెలిఫోను డైరెక్టరీలు:
"ఎవరూ ఎత్తని నంబర్లు
నా కాళ్ళనెత్తుతున్నాయి చూడు."

పోయిన జూలైలో, ఎన్నేళ్ళకో,
సముద్రానికి మేజోళ్ళు లేకుండా వెళ్ళింది.
ఇసుక పార పట్టుకున్న పిల్లాడొకడు
ఎవరు గీశారని అడిగాడట.
ఏం చెప్పిందో నాకు చెప్పలేదు.

నిన్న స్నానాల గదిలో
నా మోకాలి వెనక ఊదారంగు దారప్పోగొకటి.
నాకు ఇరవైతొమ్మిది.
ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం రెండో అంకానికి తలుపులు మూశారు.
గోడల్లోంచి డోలు ఒక్కటే వస్తోంది.
వరసలు వరసలుగా కోట్లు,
తలల్లేని ప్రేక్షకులు.
స్కైద్రీతె బల్ల అంచు పట్టుకుంది.
నావైపు చూడకుండానే
"నువ్వూ పట్టుకో" అంది.

లోపల ఎవరో చాలాసేపుగా
పాడుతూ చచ్చిపోతున్నారు.
ఇక్కడ మేమిద్దరం
మడమలెత్తి
దించి
ఎత్తి